ఎరువు షేర్లు, డివిడెండ్ హక్కు: ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బిట్‌కాయిన్ మదుపరుల దాకా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: డివిడెండ్ ఇచ్చే షేరును ఒకరి దగ్గర తీసుకుని మరొకరికి అమ్మినప్పుడు, తిరిగి ఇచ్చేలోగా వచ్చే డివిడెండ్ ఎవరిదన్న ప్రశ్న షేర్ల వ్యాపారం పుట్టిన నాటి నుంచీ ఉన్నదే. 2011 తర్వాత బిట్‌కాయిన్ మదుపరుల మధ్య సాగిన షేర్ల క్రయవిక్రయాల్లో ఈ ప్రశ్న మళ్లీ మొదటి నుంచి తలెత్తింది. ఆ చరిత్రను, తెలుగులో 'అప్పు', 'ఎరువు' అనే రెండు భావనల మధ్య ఉన్న భేదం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఎరువు, యాచితకం, షార్ట్ సెల్లింగ్, డివిడెండ్, బిట్‌కాయిన్, డచ్ ఈస్టిండియా కంపెనీ

1. అప్పు, ఎరువు, బదులు

అప్పు తెచ్చిన బియ్యాన్ని వండుకు తింటాం. తిరిగి ఇచ్చేవి ఆ గింజలే కావు, అంతే కొలత గల వేరే గింజలు. ఎరువు తెచ్చిన నగ సంగతి అలా కాదు. పెళ్లిలో పెట్టుకుని మర్నాడు ఆ నగనే తిరిగి ఇవ్వాలి. అమ్ముకుంటే అది దొంగతనం. (పొలానికి వేసే ఎరువు వేరు. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్న సామెతలోని ఎరువు ఇక్కడ ఉద్దిష్టం.) ఈ రెంటి మధ్యా 'చేబదులు' ఉంది. 'బదులు' అరబీ 'బదల్'కు సంబంధించిన మాట. బొంబాయి షేరు బజారులో 2001లో నిషేధానికి గురయ్యేదాకా సాగిన 'బద్లా' కూడా ఆ మూలం నుంచి వచ్చినదే. అందులో 'ఉంధా బద్లా' అంటే, చేతిలో లేని షేర్లను అమ్మినవాడు వాటిని సమకూర్చినవాడికి చెల్లించే రుసుము. షార్ట్ సెల్లింగ్‌ను అచ్చమైన విదేశీ వ్యవహారంగా భావించేవారు ఈ మాటను గమనించవలసి ఉంది.

ధర్మశాస్త్రం ఈ భేదాన్ని స్పష్టంగానే గుర్తించింది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలో ఎరువు వస్తువుకు, అంటే యాచితకానికి, నిక్షేపానికి వర్తించే విధినే చెప్పారు. ఋణాదాన ప్రకరణంలో మరొక నియమం మన ప్రశ్నకు ఇంకా దగ్గరది: పశువులను ఋణంగా ఇస్తే వాటి సంతతే వృద్ధి. (అదే వాక్యంలో పశువుల సరసన స్త్రీలను కూడా చేర్చిన కాలమది. ఆ సంగతి దాటవేసి ఈ నియమాన్ని మెచ్చుకోవడం సరికాదు.) ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగులోకి తెచ్చాడు. ఆవును ఇచ్చినవాడికి దూడ మీద హక్కు ఉంటుందన్న న్యాయం మన వ్యవహార వాఙ్మయానికి కొత్తది కాదు.

మరి షేరు ఈ రెంటిలో ఏ కోవకు చెందుతుంది? ఒక కంపెనీ షేర్లన్నీ ఒకే రకం కనుక అది బియ్యం గింజలాంటిది. తీసుకున్నవాడు అమ్మవచ్చు, మరొకదానితో తీర్చవచ్చు. కానీ అది దూడను కనే ఆవు కూడా. ఇచ్చినవాడు షేరును వదులుకున్నాననుకోడు, కొంతకాలం ఎరువిచ్చాననే అనుకుంటాడు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఒకరు 100 షేర్లు ఎరువిచ్చారనీ, తీసుకున్నవాడు వాటిని బజారులో అమ్మేశాడనీ అనుకుందాం. కంపెనీ పుస్తకంలో ఇప్పుడు కొన్నవాడి పేరుంది కనుక డివిడెండ్ అతనికే వెళుతుంది. అసలు యజమాని కూడా తన డివిడెండ్ కోసం ఎదురుచూస్తుంటాడు. కంపెనీ ఇచ్చేది ఒక్క డివిడెండే, అడిగేవారు ఇద్దరు. రెండవది ఎరువు తీసుకున్నవాడు తన జేబులోంచి ఇవ్వవలసినదే. ఎరువు షేరు అమ్మకం జూదంగా కాక వ్యాపారంగా నిలవడానికి ఈ నియమమే ఆధారం. నియమం చిన్నదే. దానిని అమలు చేయించేవారెవరన్నదే అసలు చరిత్ర.

2. జాపత్రి పంచిన సంవత్సరం

1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనం పోగుచేసింది. వాటా చేతులు మారాలంటే కంపెనీ పుస్తకంలో పేరు మారాలి. ఐజాక్ లె మెయర్ అనే వర్తకుడు తొలి వాటాదారుల్లో పెద్దవాడు. డైరెక్టర్లతో చెడి 1605లో కంపెనీ నుంచి వైదొలగాడు. 1609లో కొందరితో రహస్యంగా కూటమి కట్టి, తమ దగ్గర లేని వాటాలను ముందు తేదీకి అప్పగిస్తామంటూ అమ్మసాగాడు. నిజానికి ఇది ఎరువు తెచ్చి అమ్మడం కాదు. ఎరువు కూడా తేకుండానే అమ్మడం. గడువునాటికి ధర పడితే అప్పుడు చవకగా కొని ఇవ్వవచ్చునన్నది ఎత్తుగడ. డైరెక్టర్లు ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. 1610 ఫిబ్రవరి 27న చేతిలో లేని వాటాల అమ్మకాన్ని నిషేధిస్తూ శాసనం వెలువడింది. డచ్చివారు ఈ అమ్మకాన్ని 'గాలి వ్యాపారం' అన్నారు.

అప్పటిదాకా ఏళ్ల తరబడి కంపెనీ డివిడెండ్ ఊసెత్తలేదు. డివిడెండ్ లేని వాటాను చేతిలో లేకుండా అమ్మినవాడికి గడువు లోపల చెల్లించవలసినదేమీ ఉండదు. కూటమికి కలిసివచ్చిన అంశాల్లో ఇదొకటని నా అభిప్రాయం. 1610లోనే తొలి డివిడెండ్ వచ్చింది. అది డబ్బు కాదు. మొదట జాపత్రి, తర్వాత మిరియాలు, కొద్దిగా నగదు. నిషేధాన్నీ జాపత్రినీ కలిపి చదవవలసి ఉంది. దిగజారుతున్న ధరకు డైరెక్టర్లు వెతికిన రెండు మందులవి.

ఈ జాపత్రికి తెలుగుతీరంతో సంబంధముంది. 1605-06 నాటికి డచ్చివారు మచిలీపట్నంలోనూ, పెదపల్లి అనే నిజాంపట్నంలోనూ గోల్కొండ సుల్తాను అనుమతితో దిగారు. సుగంధద్వీపాల్లో జాపత్రి, జాజికాయ కొనడానికి వెండి కంటే బాగా చెల్లే సరుకు కోరమాండల్ వస్త్రం. మన తీరంలో నేసిన, అద్దిన బట్ట అక్కడ జాపత్రిగా మారి, ఆమ్‌స్టర్‌డామ్‌లో డివిడెండ్ అయింది. ఆ బట్ట నేసినవారి పేర్లు ఏ వాటాల పుస్తకంలోనూ లేవు.

నిషేధాన్ని తర్వాత పలుమార్లు పునరుద్ఘాటించారు. అంటే అది ఎన్నడూ సరిగా అమలు కాలేదన్నమాట. 1688లో జోసెఫ్ దె లా వేగా స్పానిష్‌లో రాసిన 'కలతల్లో కలత' అనే సంభాషణ గ్రంథం నాటికి ఆ బజారు ఆచారాలు స్థిరపడిపోయాయి. నష్టం వచ్చినవాడు శాసనాన్ని అడ్డుపెట్టుకుని ఒప్పందం ఎగ్గొట్టడాన్ని 'ఫ్రెడరిక్‌కు మొరపెట్టుకోవడం' అనేవారని ఆ గ్రంథం చెబుతుంది. చట్టం కాపాడని ఒప్పందాన్ని బజారులో పేరుపోతుందన్న భయమే కాపాడింది. ఈ మాట బిట్‌కాయిన్ షేర్లకు వచ్చేసరికి మళ్లీ అవసరమవుతుంది.

3. బిట్‌కాయిన్ మదుపరుల షేర్లు

2011లో 'గ్లోబల్ బిట్‌కాయిన్ స్టాక్ ఎక్స్ఛేంజ్' ఆరంభమైంది. షేర్ల ధర బిట్‌కాయిన్లలో, డివిడెండ్ కూడా బిట్‌కాయిన్లలో. 2012 ఆగస్టులో 'ఆసిక్‌మైనర్' షేరు 0.1 బిట్‌కాయిన్‌కు అక్కడే అమ్ముడైంది. అదే కాలంలో 'సతోషిడైస్' అనే జూదపు సంస్థ షేర్లు 'ఎంపెక్స్' అనే మరొక వేదిక మీదికి వచ్చాయి. ఈ షేర్లు కొన్నవారిని ఆకర్షించినది ధర పెరుగుదల ఒక్కటే కాదు, వెంటవెంటనే అందే డివిడెండ్ కూడా. సంవత్సరానికొకసారి వచ్చే డివిడెండ్‌కు అలవాటుపడినవారికి వారం వారం వచ్చేది వింతే.

అప్పటి సరుకుల్లో షార్ట్ సెల్లింగ్‌కు బాగా సరిపోయినవి 'మైనింగ్ బాండ్లు'. నిర్ణీత గణనశక్తి గల యంత్రం ఎంత బిట్‌కాయిన్ సంపాదిస్తుందో అంత మొత్తాన్ని శాశ్వతంగా చెల్లిస్తామన్న వాగ్దానమే బాండు. యంత్రాలు పెరిగేకొద్దీ బిట్‌కాయిన్ తవ్వకపు కాఠిన్యం పెరుగుతుంది. కాఠిన్యం పెరిగితే అదే యంత్రానికి దక్కే వాటా తగ్గుతుంది. 2012 నవంబరు 28న బ్లాకు బహుమతి 50 నుంచి 25కు సగమైంది. 2013 ఆరంభంలో సుమారు 30 లక్షలున్న కాఠిన్యపు కొలత ఆ ఏడాది చివరికి 118 కోట్లు దాటింది, అంటే దాదాపు 400 రెట్లు. 'శాశ్వతం' అన్న మాట అంత త్వరగా చెల్లకుండా పోయిన సందర్భాలు తక్కువ.

దీన్ని ముందుగా లెక్కకట్టినవారికి ఆ బాండ్లను ఎరువు తెచ్చి అమ్మాలనిపించడం సహజం. ఎరువిచ్చేవాడికి బిట్‌కాయిన్ తాకట్టు పెట్టాలి, ఎరువుకు రుసుము కట్టాలి, మధ్యలో వచ్చే ప్రతి డివిడెండ్‌నూ అంతకంతా చెల్లించాలి. సూత్రప్రకారం చూస్తే డివిడెండ్ చెల్లింపు నష్టం కాదు. డివిడెండ్ పోయిన మేరకు షేరు ధర కూడా తగ్గుతుంది కనుక ఒక చేత్తో ఇచ్చినది మరొక చేత్తో వస్తుంది. కొనేవారు, అమ్మేవారు పలచగా ఉన్న బజారులో ధర అంత బుద్ధిగా తగ్గదు. చెల్లింపు ఈ వారమే జరిగిపోతుంది, ధర పడడానికి నెలలు పట్టవచ్చు.

4. అధిక డివిడెండ్ అనే గోడ

ఈ చివరి సంగతికి కఠోరమైన ఉదాహరణ ట్రెండన్ షేవర్స్ నడిపిన 'బిట్‌కాయిన్ సేవింగ్స్ అండ్ ట్రస్ట్'. వారానికి 7 శాతం దాకా వడ్డీ ఇస్తామని చెప్పి అతడు కనీసం 7 లక్షల బిట్‌కాయిన్లు పోగుచేశాడని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2013 జులైలో వేసిన దావాలో పేర్కొంది. నేరుగా అతనికి ఇవ్వలేని చిన్న మదుపరుల కోసం మధ్యవర్తులు షేర్లు జారీచేసి, వచ్చిన వడ్డీలో తమ భాగం తీసుకుని మిగతాది పంచేవారు. అవి కూడా ఎక్స్ఛేంజ్‌లో చేతులు మారాయి. 2012 ఆగస్టులో చెల్లింపులు ఆగిపోయాయి. కొత్తవారి సొమ్ముతో పాతవారికి వడ్డీ కట్టిన మోసమని తేలి, 2016లో షేవర్స్‌కు ఏడాదిన్నర జైలుశిక్ష పడింది.

వారానికి 7 శాతం నిలబడదని అనుమానించినవారు ఆనాడూ ఉన్నారు. మరి అనుమానమున్నవాడు ఆ షేర్లను ఎరువు తెచ్చి అమ్మి ఉండవచ్చు కదా? లెక్క వేసి చూద్దాం. పూర్తి 7 శాతం చొప్పున వారం వారం ఎరువిచ్చినవాడికి కట్టుకుంటూ పోతే 15 వారాలకు 105 శాతం అవుతుంది. ఆ తర్వాత షేరు విలువ సున్నా అయినా అమ్మినవాడికి మిగిలేది నష్టమే. మోసాన్ని సరిగ్గా పసిగట్టి, 15 వారాలు ముందుగా పసిగట్టిన నేరానికి చితికిపోతాడన్నమాట. షార్ట్ సెల్లింగ్ వల్ల బూటకపు ధరలు సరిదిద్దబడతాయని ఆర్థికశాస్త్రజ్ఞులు చెప్పే మాట సాధారణ డివిడెండ్ ఉన్నచోట కొంతవరకు నిజం. డివిడెండే బూటకమైనప్పుడు అది పనిచేయదు. అబద్ధం ఎంత పెద్దదైతే దానిపై అనుమానం అంత ఖరీదైనదవుతుంది. ఆశపెట్టడానికి చూపిన 7 శాతమే అనుమానించేవారికి అడ్డుగోడ అయింది. లె మెయర్‌కు డివిడెండ్ లేకపోవడం కలిసివస్తే, ఇక్కడ డివిడెండ్ మితిమీరడం మోసగాడికి కలిసివచ్చింది.

5. పుస్తకం మూతపడిన తర్వాత

2012 అక్టోబరులో గ్లోబల్ బిట్‌కాయిన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉన్నట్టుండి మూతపడింది. బిట్‌కాయిన్ చిట్టా లోకానికంతటికీ తెరిచి ఉంటుంది, ఏ నాణెం ఎక్కడికి వెళ్లిందో ఎవరైనా చూడవచ్చు. షేర్ల చిట్టా మాత్రం ఒక్క నిర్వాహకుడి దగ్గరే ఉంది. తమ వాటాదారులెవరో షేర్లు జారీచేసినవారికే తెలియదు. నిర్వాహకుడు జాబితాలు ఇచ్చేదాకా డివిడెండ్ పంచడం కుదరలేదు. అంతకాలం మారుపేర్లతో వ్యాపారం చేసినవారు, తమ సొత్తు కావాలంటే తామెవరో చెప్పుకోవలసి వచ్చింది.

ఇలాంటి వేళ ఎరువు షేరు పరిస్థితి ఏమిటి? తీసుకున్నవాడు తిరిగి కొని ఇద్దామంటే బజారు లేదు. ఇచ్చినవాడి పేరు నిర్వాహకుడి జాబితాలో ఉండదు, ఎందుకంటే అతని షేరు అమ్ముడైపోయింది. జాబితా ప్రకారం హక్కు మూడవవాడిది. అసలు యజమానికి మిగిలినది ఎదుటివాడి మాట, పెట్టుకున్న తాకట్టు. ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులకు ఒకరి ముఖాలు ఒకరికి తెలుసు, సాయంత్రానికి అదే వంతెన దగ్గర మళ్లీ కలుసుకోవాలి. మారుపేరును రాత్రికి రాత్రి వదిలేయవచ్చు. నడిమి వ్యక్తి అక్కరలేని డబ్బును కనిపెట్టామని చెప్పుకున్నవారు షేర్ల దగ్గరికి వచ్చేసరికి ఒకే ఒక నడిమి వ్యక్తిని, అదీ ఏ జవాబుదారీ లేనివాడిని, నమ్మవలసి వచ్చిన వైరుధ్యం గమనార్హం.

మిగిలిన కథ త్వరగానే ముగిసింది. 2013 జులైలో సతోషిడైస్ 1,26,315 బిట్‌కాయిన్లకు చేతులు మారింది. నమోదు చేయకుండా షేర్లు అమ్మినందుకు దాని స్థాపకుడు ఎరిక్ వూర్హీస్ మీద అమెరికా కమిషన్ 2014 జూన్‌లో చర్య తీసుకుంది. బిట్‌కాయిన్లలో కొన్నా అవి షేర్లేనన్నది కమిషన్ వాదం.

6. 2017 ఆగస్టు 1: దూడ పుట్టిన రోజు

షేర్లు పోయినా ప్రశ్న పోలేదు. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ నుంచి 'బిట్‌కాయిన్ క్యాష్' చీలింది. ఆనాటికి బిట్‌కాయిన్ ఉన్న ప్రతివారికీ అంతే సంఖ్యలో కొత్త నాణేలపై హక్కు వచ్చింది. డివిడెండ్ ఎరగని నాణేనికి ఒక్కసారిగా డివిడెండ్ లాంటిది పుట్టింది. అప్పటికి చాలామంది తమ బిట్‌కాయిన్లను ఎక్స్ఛేంజ్‌ల ద్వారా షార్ట్ సెల్లింగ్ చేసేవారికి అప్పిచ్చి ఉన్నారు. దూడ ఎవరిది?

బిట్‌ఫినెక్స్ అనుసరించిన పద్ధతి ఇక్కడ పరిశీలించదగినది. అప్పిచ్చినవారికి కొత్త నాణెం దక్కుతుందన్నారు, కొని దాచుకున్నవారికీ దక్కుతుందన్నారు. అప్పు తెచ్చి అమ్మినవారు మాత్రం ఏమీ చెల్లించనక్కరలేదన్నారు. అడిగేవారు ఇద్దరు, ఇవ్వవలసిన మూడవవాడికి మినహాయింపు. లెక్క కలవదు కనుక అందరికీ ఒకటికి ఒకటి కాక, ఒకటి కంటే తక్కువ నిష్పత్తిలో పంచారు. తనకు తానే అప్పిచ్చుకుని, అమ్ముకుని రెండు వైపులా కొత్త నాణేలు పొందజూసినవారు బయలుదేరడంతో పంపకాన్ని మళ్లీ సవరించవలసి వచ్చింది. ఎరువు తీసుకున్నవాడు కట్టవలసిన దూడను ఊరందరి మందలోంచి తలా కొంత కోసి ఇచ్చినట్టయింది.

ఇదే చిక్కుకు మన దేశంలో 2008 నుంచి నడుస్తున్న సెబీ షేర్ల ఋణ పథకంలో సమాధానం ముందే రాసి ఉంది. అక్కడ ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఒకరికొకరు తెలియనక్కరలేదు, మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ నిలుస్తుంది. డివిడెండ్ వస్తే తీసుకున్నవాడి నుంచి వసూలు చేసి ఇచ్చినవాడికి చేరుస్తుంది. షేరు చిన్న ముక్కలుగా విభజితమైతే ఒప్పందంలోని సంఖ్య సవరిస్తుంది. బోనస్, విలీనం వంటివైతే గడువుకు ముందే ఎరువును ముగించి షేరును యజమానికి చేరుస్తుంది. బిట్‌కాయిన్ క్యాష్ చీలిక ఈ మూడింటిలో చివరిదానికి దగ్గర; ఈ నియమం ప్రకారమైతే జులై నెలాఖరుకే అప్పులన్నీ ముగిసి, ఆవు తన కొట్టంలోనే ఈనేది.