రాగిరేకుల వరుస – దేవుని మాన్యమునకు రక్ష



దానము చేయుట ఒక ధర్మము. చేసిన దానము నిలుచునట్లు చూచుట మరియొక ధర్మము. ఈ రెండవ ధర్మమును మన పెద్దలు ఎట్లు పాటించిరో నేడు విచారింతము.

భూదానము చేసిన రాజు రాబోవు రాజుల ఎఱుక కొఱకు దానిని వ్రాయింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయము విధించినది. పటముపైనో రాగిరేకుపైనో తన వంశమువారిని, తన్ను, దానపరిమాణమును, ఎల్లలను వ్రాయించి, చేవ్రాలును కాలమును చేర్చి, ముద్ర వేయవలెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రచింపగా, ఆ ధర్మమును 13వ శతాబ్దమున కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేసెను. తన దశకుమారచరిత్రమును నెల్లూరి తిక్కనామాత్యునికి అంకితమిచ్చిన కవి ఇతడే.

సముద్రపుగాలి సోకు మన సీమలో తాటాకు ఎంతకాలము నిలుచును? అందుచేత శాశ్వతదానమునకు రాగిరేకును ఎన్నుకొనిరి. ఆ రేకుల కూర్పు గమనింపదగినది. సాధారణముగా మొదటి రేకు వెలుపలివైపు వ్రాయరు, లోపలివైపే వ్రాయుదురు. నడిమి రేకులకు ఇరువైపుల వ్రాత యుండును. రాపిడికి అక్షరము చెడకుండుటకై పెక్కు శాసనములలో అంచులను కొంచెము ఎత్తుగా మలచిరి. కొన్నిట రేకులకు వరుస అంకెలు సైతము వేసిరి. రేకులన్నింటికి రంధ్రము చేసి, కడియము దూర్చి, దాని కొనలను రాజముద్రతో బిగింతురు. ముద్ర చెడకుండ ఒక రేకును తీయుట గాని, క్రొత్తదానిని చొప్పించుట గాని సాధ్యము కాదు.

వ్రాతలోను వరుస కలదు. మొదట మంగళవచనము, పిమ్మట వంశావళి, దాత, ప్రతిగ్రహీత, భూమి, ఎల్లలు, చివర కాలము. ఇచ్చువానికి అధికారమున్నదని వంశావళి తెలుపును. ఇచ్చినది ఏదో ఎల్లలు తేల్చును. దానభూమిని హరించువాని దుర్గతిని చెప్పు శ్లోకములు భావిరాజులను ఉద్దేశించినవి. రాజే హరింప దలచినచో అడ్డగించునది పాపభీతియే కదా! తొలి పల్లవుల దానపత్రములు కొన్నిట, ఆజ్ఞ మీరినవాడు శరీరదండమునకు అర్హుడనియు కలదు.

క్రీ.శ. 5వ శతాబ్దపుదిగా ఎంచబడు పల్లవ యువమహారాజు విష్ణుగోపవర్మ ఉరువుపల్లి శాసనము మనకు దగ్గరి నిదర్శనము. సేనాపతి విష్ణువర్మ కందుకూరమున కట్టించిన విష్ణుహర దేవకులమునకు, ముండరాష్ట్రములోని ఉరువుపల్లిలో 200 నివర్తనముల భూమి అందు ఈయబడినది. ముండరాష్ట్రమనగా ఈ నెల్లూరు ప్రాంతమే. ఆ కందుకూరము నేటి కందుకూరేనని చరిత్రకారులు తలంతురు. గుడి కట్టించినవాడు సేనాపతి, భూమినిచ్చినవాడు యువరాజు, వారి రాజ్యము నేడు లేదు. వారి సంకల్పమును నేటికిని పలుకుచున్నవి ఆ రేకులే.

నెల్లూరు జిల్లా తామ్ర, శిలాశాసనములను బటర్‌వర్తు, వేణుగోపాల చెట్టి గారలు సేకరించి 1905లో మద్రాసున మూడు భాగములుగా ప్రకటించిరి. ఆ పరిశ్రమ వలన మన గ్రామముల పూర్వదానములు పెక్కు వెలుగు చూచినవి.

నేడు రాగిరేకు స్థానమున రిజిష్టరు వచ్చినది. 1987 నాటి దేవాదాయ చట్టము ప్రకారము ఆలయపు ఆస్తులు రిజిష్టరున నమోదు కావలెను. పేర్లు మారినను ప్రశ్నలు మారలేదు: ఎవరిచ్చిరి? ఎవరికిచ్చిరి? ఎంత? ఎల్లలేవి? ఒక్క పుట జారిపోయినచో మాన్యమే జారిపోవచ్చును. మాన్యము పోయిన గుడిలో దీపమునకు చమురెక్కడిది? నైవేద్యమునకు గింజలెక్కడివి?

కావున మీ ఊరి ఆలయపు పత్రములు ఎక్కడ ఉన్నవో, అన్ని పుటలును ఉన్నవో లేదో, వ్రాసిన ఎల్లలు పొలమున కానవచ్చుచున్నవో లేదో ఏటేట విచారింపుడు. దేవుని సొమ్మును కాపాడుటయు ఆరాధనమే.

స్వస్తి.