చాటుగా ఆలకించే స్విచ్: మల్టీకాస్ట్ నియంత్రణ చరిత్ర

ఒకే ప్యాకెట్‌ను కోరినవారందరికీ ఏకకాలంలో అందించే మల్టీకాస్ట్ పద్ధతికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ డీరింగ్ పునాది వేయగా, 1989 ఆగస్టులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దానికి ప్రామాణిక రూపమిచ్చింది. కంప్యూటర్ తాను ఏ గుంపులో చేరదలచిందో రౌటర్‌కు తెలిపే ఐజీఎంపీ అనే నియమావళి కూడా అందులోనే ఉంది. 1992 మార్చిలో శాన్‌డియాగోలో జరిగిన, ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ సమావేశం మల్టీకాస్ట్ మార్గంలోనే 20 దూర కేంద్రాలకు వినిపించింది.

అయితే ఐజీఎంపీ సంభాషణ కంప్యూటర్‌కూ రౌటర్‌కూ నడుమ సాగేదే తప్ప, మధ్యనున్న ఈథర్నెట్ స్విచ్‌కు అందులో పాత్ర లేదు. గుంపు చిరునామా ఎన్నడూ పంపినవారి చిరునామాగా కనిపించదు గనుక, అది ఏ పోర్టు వైపు ఉందో నేర్చుకునే దారి లేక స్విచ్ ఆ ప్యాకెట్లను అన్ని పోర్టులకూ వెదజల్లేది. దీనికి విరుగుడుగా వచ్చినదే ఐజీఎంపీ స్నూపింగ్, అంటే తనను ఉద్దేశించని సందేశాలను స్విచ్ ఆలకించి, కోరిన పోర్టులకే ప్రసారాన్ని పరిమితం చేయడం. నెట్‌వర్క్ పొరల హద్దును దాటినా ఎంతో అక్కరకొచ్చిన ఈ ఉపాయం తయారీదారుల చేతుల్లో వాడుకలోకి వచ్చిన తరువాతనే, 2006 మేలో, ఆర్‌ఎఫ్‌సీ 4541 దానికి మార్గదర్శకాలు కూర్చింది.

ఇందులో తరచుగా విస్మరణకు గురయ్యేది క్వెరియర్, అనగా గుంపులో ఇంకా ఎవరున్నారని సాధారణంగా 125 సెకన్లకొకసారి అడిగే పరికరం. ఆ పని మామూలుగా రౌటర్‌దే గనుక, అది లేని నెట్‌వర్క్‌లో అడిగేవారు లేక సభ్యులు బదులివ్వరు. దాదాపు 260 సెకన్లకు స్విచ్ పట్టికలో నమోదు చెరిగిపోయి, అంతవరకు చక్కగా సాగిన వీడియో చాలా స్విచ్‌లలో ఆగిపోతుంది. కాబట్టి అటువంటి చోట స్నూపింగ్‌ను అమర్చేవారు కనీసం ఒక స్విచ్‌నైనా క్వెరియర్‌గా నియమించడం తప్పనిసరి.