సెకండ్ షో చూసి ఇంటికి

కొత్త ఊళ్ళో దిగిన మగవాడు రాత్రి పదింటి తర్వాత టీ ఎక్కడ దొరుకుతుందో ముందు కనుక్కుంటాడు. ఆడవాళ్ళం గేటు ఎన్నింటికి మూస్తారో కనుక్కుంటాం. పీహెచ్.డి. పూర్తిచేసి ఉద్యోగం కోసం వరంగల్ నుంచి హైదరాబాదు వచ్చిన నాకు ఇంటి ఓనరుగారు అద్దె కన్నా ముందు చెప్పింది తొమ్మిదిన్నర సంగతే. "నీ మంచికేనమ్మా, ఊరు మంచిది కాదు" అన్నారావిడ. మనందరం ఎక్కడో ఒకచోట విన్న మాటే ఇది. కానీ ఊరికి చరిత్ర ఉన్నట్టే ఊరి రాత్రికీ ఒక చరిత్ర ఉంటుంది కదా! అందులో మనం ఎక్కడున్నాం? నుమాయిష్‌కూ, నాటకాలకూ, లామకాన్‌లో సభలకూ, రంజాన్ నెలలో చార్మినార్ బజార్లకూ తిరుగుతూ, పగలు లైబ్రరీల్లో కూర్చుంటూ నేను వెతుక్కున్నది ఈ ప్రశ్నకు జవాబునే.

హైదరాబాదు రాత్రుల గురించి రాసేవాళ్ళు ముషాయిరాలనూ మెహఫిళ్ళనూ మురిపెంగా తలుచుకుంటారు. ఆ మెహఫిళ్ళ నడిమధ్య కూర్చున్న స్త్రీ మహ్ లఖా బాయి చందా (1768-1824). ఉర్దూలో సొంత దివాన్ ఉన్న తొలి కవయిత్రుల్లో ఒకరు. నిజాం దర్బారులో గౌరవం, జాగీర్లు సంపాదించుకున్న మనిషి. 1799లో తన దివాన్ ప్రతిని జాన్ మాల్కం అనే ఆంగ్లేయ అధికారికి బహూకరించింది. మౌలాలి గుట్ట కింద, తల్లి కోసం తాను కట్టించిన సమాధి పక్కనే ఆమె సమాధి ఉంది. అక్కడికి వెళ్ళి నిలబడినప్పుడు నాకు ఆమె కవిత్వం కన్నా ఆమె స్థానమే ఎక్కువ ఆలోచన రేపింది. ఆమెకు రాత్రి దొరికింది, సభ దొరికింది, కలం దొరికింది. కానీ 'తవాయిఫ్' అన్న పేరు కింద దొరికాయి. జనానాలో ఉన్న స్త్రీకి ఇల్లు దక్కింది గానీ రాత్రి నగరం దక్కలేదు. పితృస్వామ్యం ఆడవాళ్ళను రెండు గదుల్లో పెట్టి మధ్యలో రాత్రిని గోడగా కట్టింది. ఆ గోడ దాటిన ప్రతి స్త్రీనీ అవతలి గది మనిషిగానే లెక్కగట్టింది.

మరి మనకు రాత్రి పండుగలు లేవా? ఉన్నాయి. హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడి ఎంత పొద్దుపోయి ఇంటికొచ్చినా మా ఇంట్లో ఎవరూ టైము అడిగేవారు కాదు. తెలంగాణ ఏర్పడిన 2014లోనే అది రాష్ట్ర పండుగ కూడా అయింది. ఆ తొమ్మిది రోజులూ వీధి మనది, చెరువు గట్టు మనది. పదో రోజు మళ్ళీ ఆరింటికే ఇల్లు చేరాలి. నుమాయిష్‌దీ ఇలాంటి కథే. ఉస్మానియా పట్టభద్రుల చొరవతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఒక రోజును ఆడవాళ్ళ కోసమే కేటాయించే ఆనవాయితీ అక్కడ ఉంది. ఒంటరిగా రాలేని ఎందరికో ఆ రోజు నిజంగానే తలుపు తెరిచింది, కాదనను. కానీ ఒక రోజు మనదంటే మిగిలిన రోజులు ఎవరివి? పండుగకో, మందలో ఉన్నామనో, ఇంటివాళ్ళు వెంట ఉన్నారనో దొరికే రాత్రి అనుమతి మాత్రమే. హక్కు వేరు.

ఆ తేడా ఎంత దూరం పోతుందో ఈ నగరానికి 1978లో తెలిసింది. మార్చి చివర్లో ఒక రాత్రి రమీజాబీ, ఆమె భర్త, రిక్షా తొక్కే అహ్మద్ హుస్సేన్, సినిమా చూసి ఇంటికి వెళ్తున్నారు. పోలీసులు ఆమెను నల్లకుంట స్టేషనుకు తీసుకుపోయారు. ఆమెపై అత్యాచారం జరిగింది. అడ్డుపడిన భర్త దెబ్బలకు చనిపోయాడు. ఊరు భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. విచారణకు వేసిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనంతా ఒక్కటే: ఆమె వేశ్య. అంటే నేరం ఏమిటన్నది పక్కకు పోయి, ఆ వేళప్పుడు బయట ఉన్న ఆడది ఎలాంటిదన్నదే విచారణాంశమైంది. మహ్ లఖా నాటి రెండు గదుల లెక్క నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా చెక్కుచెదరలేదు! కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. అయినా కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయి, 1981లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు.

కానీ ఆ కోపం వృథా పోలేదు. 1978లోనే హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను 'మనకు తెలియని మన చరిత్ర'గా 1986లో మన చేతికిచ్చింది ఆ సంస్థే. రమీజాబీ, మధుర కేసుల మీద దేశమంతా సాగిన ఆందోళన వల్లే 1983లో అత్యాచార చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారాన్ని వేరుగా గుర్తించింది. బాధితురాలి నడవడికను ఎత్తిచూపి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయడానికి వీలిచ్చిన సాక్ష్య చట్టంలోని నిబంధన పోవడానికి మాత్రం 2003 దాకా ఆగాల్సి వచ్చింది. రాత్రి సినిమాకు వెళ్ళిన ఒక పేద ముస్లిం స్త్రీకి జవాబు చెప్పడానికి చట్టానికి పాతికేళ్ళు పట్టిందన్నమాట.

పనికి సంబంధించిన చట్టాలదీ ఇదే ధోరణి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా స్త్రీలతో పని చేయించకూడదంది. ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని 2000లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. అయితే ఆ నిషేధం ఫ్యాక్టరీకే. ఆస్పత్రుల్లో నర్సులు ఏ కాలంలోనైనా రాత్రంతా మేలుకునే ఉన్నారు. నాటకం చూసి ఆలస్యంగా వచ్చేటప్పుడు నాకు రోడ్డు మీద కనిపించేవాళ్ళలో ఎక్కువమంది చీపుళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళే. వాళ్ళ భద్రత గురించి ఎవరూ గేట్లు మూయరు. 'ఊరు మంచిది కాదు' అన్న మాట కూడా కులాన్నీ వర్గాన్నీ చూసే పలుకుతుంది.

2014లో షీ టీమ్‌లు వచ్చాయి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారు. ఆ తర్వాత ప్రభుత్వానికి తోచిన చర్యల్లో ఒకటి, ఆర్టీసీ మహిళా ఉద్యోగులకు రాత్రి 8 దాటాక డ్యూటీ వేయకపోవడం. అంటే ప్రమాదం మగవాళ్ళది, కర్ఫ్యూ ఆడవాళ్ళది. నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపితే జనం వాళ్ళ మీద పూలు చల్లారు. నిందితులను చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన కమిషన్ 2022లో చెప్పింది. 1978లో పోలీసులను నిలదీసిన నగరం, 2019లో పూలు చల్లిన నగరం ఒకటే. ఈ నలభై ఏళ్ళలో మనం అడగడం మానేసిన ప్రశ్నలేవో స్త్రీవాదులుగా మనమే లెక్క తీసుకోవాలి.

ముంబయి మీద పరిశోధన చేసిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో 'వై లాయిటర్?' పుస్తకంలో ఒక మాట తేల్చారు: స్త్రీ బయటికి రావడానికి ఎప్పుడూ ఏదో ఒక పని చూపించాల్సి వస్తోందని. గుడి, బడి, ఆఫీసు, ఆస్పత్రి. ఊరికే తిరగడమన్నది ఆ జాబితాలో లేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు టికెట్టు లేదు. చేతిలో డబ్బు లేదన్న అడ్డు ఒకటి తొలగింది. ఇది చిన్న విషయం కాదు. ఇక కావలసింది రాత్రి పదకొండింటికి కూడా నడిచే బస్సు, వీధి దీపం, శుభ్రమైన టాయిలెట్, ఎక్కడికని అడగని కండక్టరు. కావలిగా మరో పోలీసు కాదు.

రమీజాబీ ఆ రాత్రి ఉద్యమం చేయడానికి బయలుదేరలేదు. సినిమా చూడాలనిపించి వెళ్ళింది. నగరం మీద స్త్రీల హక్కు గురించి మనం ఎన్ని సిద్ధాంతాలు రాసుకున్నా, అంత మామూలు కోరికకు చోటిచ్చినప్పుడే అవి నిలుస్తాయి.