దురద నుండి పుట్టిన మాట

ఆంగ్లంలో ‘ప్రూరియెంట్’ అనే విశేషణం ఒకటి ఉన్నది. అశ్లీల విషయాలపట్ల మితిమీరిన ఆసక్తిని నిందించడానికి దానిని వాడుతారు. వైద్యులు దురదకు పెట్టుకున్న ‘ప్రురైటస్’ అనే పేరు ఈ మాటకు తోబుట్టువే. రెండింటికీ మూలం లాటిన్‌లోని ‘ప్రూరీరె’ అనే క్రియ. దురద పెట్టడమని దాని అర్థం. రోమన్ కవులే ఆ క్రియను కామోద్రేకానికి కూడా వాడారు. ఆంగ్లంలో 17వ శతాబ్దంలో దురద అనే అర్థంతో కనిపించిన ఈ విశేషణం, 18వ శతాబ్దంలో కాముకతను సూచించసాగింది. నేడు మొదటి అర్థం మరుగునపడిపోయింది.

1957లో రోత్ కేసు తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు అశ్లీలతను నిర్ణయించడానికి ఈ మాటనే ఆధారం చేసుకున్నది. 1969 సవరణతో, 2024 వరకు అమలులో ఉన్న మన పాత శిక్షాస్మృతి 292వ సెక్షన్‌లోకి, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షన్‌లోకి కూడా అది ప్రవేశించింది.

మన భాషకూ ఈ పోలిక కొత్త కాదు. ‘కండూతి’ అంటే దురద. అయినా ‘కీర్తికండూతి’ అని మనం చర్మవ్యాధిని గురించి అనము. 1660లో జర్మన్ వైద్యుడు శామ్యూల్ హాఫెన్‌రెఫర్ దురదను గోకాలనే కోరిక పుట్టించే అసౌకర్యంగా నిర్వచించాడు. ఆ నిర్వచనంలోనే కోరిక ఉన్నది. గోకితే క్షణకాలం సుఖం, ఆపై మరింత దురద. పోలిక అతికినట్లుండటానికి కారణం ఇదే.

అయితే పాఠకులారా, పోలిక పోలికగానే ఉండాలి. గజ్జల్లోనో మర్మాంగాల వద్దనో దురద పుడితే దానిని నడవడికి అంటగట్టి, సిగ్గుతో దాచుకునేవారు ఎందరో. దురద శీలదోషం కాదు. గజ్జికి కారణం కంటికి ఆనీ ఆనని చిన్న పురుగని ఇటలీ వైద్యుడు బొనోమో 1687లోనే వెల్లడించాడు. ఆ పురుగుకు గానీ, తామరను కలిగించే శిలీంధ్రానికి గానీ మంచివారు, చెడ్డవారు అనే భేదం లేదు. మర్మాంగాల వద్ద మాటిమాటికీ వచ్చే దురద వెనుక మధుమేహం ఉండవచ్చు. పొక్కులు లేకుండానే ఒళ్ళంతా దురద పెడితే కాలేయాన్ని, మూత్రపిండాలను పరీక్షించవలసి రావచ్చు.

కనుక మందుల దుకాణంలో స్టిరాయిడ్ కలిసిన పూతమందు అడిగి తెచ్చుకోకండి. దానితో దురద తాత్కాలికంగా అణగినా తామర మరింత విస్తరిస్తుంది. గజ్జి అయితే ఇంటిల్లిపాదీ ఒకేసారి చికిత్స పొందాలి. సంకోచం విడిచి వైద్యునికి చెప్పండి, చూపండి. సిగ్గు ఆ ఆంగ్ల విశేషణానికి సంబంధించినది, మీ చర్మానికి కాదు.