సింగపూర్ ప్రభుత్వ గృహాలు – జాతుల సమ్మేళన విధానం

సింగపూర్‌లో ప్రభుత్వం కట్టించే ఫ్లాట్లలో ఒకే జాతివారు ఒకచోట పోగుపడకుండా 1989 మార్చి 1 నుంచి అమలవుతున్న కోటా పద్ధతి ఇది. అక్కడి నివాసుల్లో ముప్పాతిక వంతుకు పైగా ఈ ఫ్లాట్లలోనే ఉంటారు. కాబట్టి గృహవసతి నియమమే నగర స్వరూపాన్ని నిర్ణయించే నియమం కూడా అయింది.

జాతికో వాడ అన్న ఏర్పాటు వలస పాలన నాటిది. 1822లో స్టాంఫర్డ్ రాఫిల్స్ ఆదేశంతో తయారైన పట్టణ ప్రణాళిక యూరోపియన్లకు, చైనీయులకు, దక్షిణ భారతీయులకు, మలయులకు, అరబ్బులకు విడివిడిగా చోట్లు చూపింది. ఆ గీతలు శతాబ్దం దాటినా చెరగలేదు. 1964లో మలయులకూ చైనీయులకూ మధ్య జరిగిన అల్లర్లు ఈ ఎడం ఎంత ప్రమాదకరమో చూపాయి.

1960లో ఏర్పడిన గృహనిర్మాణ మండలి (హెచ్‌డీబీ) మొదట చూసుకున్నది తలదాచుకునే చోటు గురించే. 1961లో బుకిట్ హో స్వీ గుడిసెలు తగలబడి దాదాపు 16 వేల మంది వీధిన పడటంతో నిర్మాణం ఊపందుకుంది. 1966 భూసేకరణ చట్టం వల్ల స్థలం చవగ్గా దొరికింది. పాత పేటల వాళ్లను కొత్త బ్లాకుల్లోకి తరలించేటప్పుడు అన్ని జాతులనూ కలిపారు. ఫ్లాట్లు చేతులు మారడం మొదలయ్యాక ఆ కలయిక సడలింది. బెడోక్, టాంపినీస్‌లలో మలయులు, హౌగాంగ్‌లో చైనీయులు మళ్లీ ఒకచోట పోగయ్యారు. ఈ ధోరణిని ఆపడానికే నాటి జాతీయాభివృద్ధి మంత్రి ఎస్. ధనబాలన్ ఈ విధానాన్ని ప్రకటించారు.

చైనీయులు పేటలో 84 శాతానికి, ఒక బ్లాకులో 87 శాతానికి మించరాదు. మలయులకు ఈ పరిమితులు 22, 25. భారతీయులు, ఇతరులకు మొదట 10, 13 ఉండగా 2010లో 12, 15కు పెంచారు. తమిళుడైనా తెలుగువాడైనా పంజాబీ అయినా లెక్కకు ఒకే గంపలో పడతాడు. ఎవరినీ ఇల్లు ఖాళీ చేయించరు. కొత్త కేటాయింపు, అమ్మకం జరిగేటప్పుడే కోటా చూస్తారు. కలయికకు కట్టడపు తీరూ తోడైంది: బ్లాకుల కింది అంతస్తు గోడలు లేకుండా ఖాళీగా ఉంటుంది. మలయుల పెళ్లి విందు, చైనీయుల అంత్యక్రియల జాగరణ రెండూ అక్కడే జరుగుతాయి. అంకెల కంటే ఆ ఖాళీ నేలే ఎక్కువ పని చేసిందనిపిస్తుంది.

అయితే భారం అందరిమీదా సమానంగా పడదు. బ్లాకులో చైనీయుల కోటా నిండితే అక్కడి భారతీయ యజమాని తన ఫ్లాటును చైనీయుడికి అమ్మలేడు. కొనేవాళ్లలో అత్యధికులు వాళ్లే కనుక బేరం తగ్గుతుంది, లేదా ఇల్లు నెలల తరబడి అమ్ముడుపోదు. ఈ ఫిర్యాదు చాలాకాలం నలిగాక 2022లో, పరిమితి వల్ల ఇరుక్కుపోయిన కొందరి ఇళ్లను మండలే తిరిగి కొనే వెసులుబాటు వచ్చింది.

ఈ కోటా జాతిని చూస్తుందే తప్ప ఆదాయాన్ని చూడదు. నగరం నడిబొడ్డున ధరలు పెరిగేకొద్దీ ఆ లోపం బయటపడింది. 2021లో ఖరీదైన ప్రాంతాల కొత్త ఫ్లాట్లకు వేరే నిబంధనలు పెట్టారు: అదనపు రాయితీ ఇస్తారు, పదేళ్లు తప్పనిసరిగా కాపురముండాలి, అమ్మేటప్పుడు రాయితీలో కొంత తిరిగి కట్టాలి, కొనేవారి ఆదాయానికీ పరిమితి ఉంటుంది. జాతుల కోటా ఆ ఫ్లాట్లకూ వర్తిస్తుంది.