అంబారీ ఏనుగు చెవి

రాత్రి తొమ్మిదైంది. భవానీపురంలో ఒక ఇంటి ముందుగదిలో నేల మీద మఠం వేసుకుని కూర్చున్నారు మీరు. ఎదురుగా పాత పేపరు పరిచి ఉంది. దాని మీద ఏనుగు. ఏనుగంటే ఏనుగు కాదు, దాని ముక్కలు. మొండెం ఒక పక్క, తొండం ఒక పక్క, అంబారీ ఇంకో పక్క. చెవులు రెండూ ఎక్కడా పోకుండా అమ్మ అగ్గిపెట్టెలో దాచింది.

ఈ రోజు 2024 అక్టోబరు 2. రేపు దసరా మొదలయ్యే పాడ్యమి. కొండ మీద దుర్గమ్మ బాలాత్రిపురసుందరిగా కనిపించే రోజు. హైవే మీద బస్సుల మోత ఇప్పటికే పెరిగింది. తెల్లారేసరికి ఈ ఇంట్లో బొమ్మల కొలువు నిలబడాలి.

గోడ చూడండి. మీ మోకాలి ఎత్తున మట్టిరంగు గీత. రెండుసార్లు సున్నం కొట్టినా పోలేదు. సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి నీళ్లు వీధిలోకి వచ్చి, గుమ్మం దాటి, అంతవరకూ లేచాయి. గ్యాస్ బండ, బియ్యం, పిల్లాడి పుస్తకాలు డాబా మీదకి చేర్చారు. మంచం కింది ట్రంకు పెట్టె ఎవరికీ గుర్తు రాలేదు. అందులో బొమ్మలున్నాయి.

నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే అన్నీ విడిపోయి ఉన్నాయి. విరగలేదు, విడిపోయాయి. ఏనుగు తొండం తీసుకుని చివర వేలితో తడమండి. పదును లేదు, చీలిక లేదు. నున్నగా ఉంది. ఇది కొండపల్లి బొమ్మ. ఇబ్రహీంపట్నం దాటితే వచ్చే ఆ ఊళ్లో తెల్లపొణికి కర్రతో చెక్కుతారు. చేతికి దూదిలా తేలిగ్గా ఉండే కర్ర. ఒంటి ముక్కలో బొమ్మ మొత్తం చెక్కరు. కాలు, చెవి, తొండం వేటికవే చెక్కి, మక్కుతో అతుకుతారు. మక్కంటే చింతపిక్కల పొడి ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఎండితే కర్రలాగే గట్టిపడుతుంది. రోజుల తరబడి నీళ్లలో నానితే మాత్రం మళ్లీ జిగురైపోతుంది. బుడమేరు ఈ ఏనుగుని విరగ్గొట్టలేదు. అతుకులు నానబెట్టిందంతే.

నెల రోజులు అమ్మ వీటిని డాబా మెట్ల కింద నీడలో ఆరబెట్టింది. ఎండలో పెడితే కర్ర పగిలిపోతుంది. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"విరిగిన బొమ్మ కొలువులో పెట్టకూడదంటారు అమ్మాయ్," అంటోంది వంటింటి గుమ్మంలోంచి. "రేప్పొద్దున్న ఘాటుకెళ్లి కృష్ణలో కలిపేద్దామా?"

పున్నమి ఘాట్ ఎంతో దూరం లేదు. చీకట్లోనే వెళ్లి వదిలేస్తే పనైపోతుంది. ఏం చేస్తారు?

అగ్గిపెట్టె తెరవండి. చెవి తీయండి. అరచేతిలో మర్రి పిందెంత ఉంది. లోపలి వైపు ఎర్రరంగు ఇంకా మెరుస్తోంది. మీ పెళ్లికి ముందు నుంచీ ఈ ఇంట్లో ప్రతి దసరాకీ పై మెట్టు ఎక్కిన ఏనుగు ఇది. విడిపోయేలాగానే చేశారు కాబట్టి తిరిగి కలుస్తుంది. దీన్ని నదిలో కలపడం నాకు మటుకు తప్పనిపిస్తుంది.

"అతుకుదాం అమ్మా."

నిన్న నానబెట్టిన చింతపిక్కల పొడి పొయ్యి మీద ఉడుకుతోంది. వేయించిన పిక్కల కమ్మటి వాసన ఇల్లంతా పట్టింది. గరిటె ఎత్తితే తీగ సాగాలి. సాగింది. దించి, వడ్రంగి ఇచ్చిన పొట్టు పిడికెడు కలపండి. చపాతీ పిండి కంటే కొంచెం మెత్తగా రావాలి.

ముందు పాత మక్కు గీకెయ్యాలి. బ్లేడు వద్దు, కర్ర మెత్తన. కొబ్బరి ఈనెపుల్లతో గీకండి. బూడిదరంగు పొడి రాలుతుంది. అందులో బుడమేరు బురద వాసన. తొండం అతికి చూడండి. జిగురు పెట్టకముందే ఒకసారి కుదుర్చుకోవాలి. కుదిరింది. ఇప్పుడు మక్కు పెట్టి నొక్కండి. అంచుల్లోంచి పొంగినదాన్ని తడివేలితో తుడిచెయ్యండి. రబ్బరు బ్యాండు రెండు చుట్లు. అంబారీ. తర్వాత కుడి చెవి. పని సాగుతోంది. చెయ్యి అలవాటు పడుతోంది.

వెనకాల ధడాలుమని చప్పుడు.

మెట్ల పలక ఒకటి జారింది. పిల్లాడు అరిచాడు. "పిన్నీ! నా గుర్రం!"

ఐదు మెట్ల కొలువు. ట్రంకు పెట్టెల మీద, ఇటుకల మీద పలకలు పేర్చారు. వరదలో నానిన పలక ఎండి, మెలిపడి, ఒక మూల పైకి లేచింది. దాని మీద నిలబడ్డవాళ్లంతా కింద పడ్డారు. ప్లాస్టిక్ క్రికెట్ జట్టుకి ఏమీ కాలేదు. డాలస్ నుంచి మావయ్య తెచ్చిన గుర్రపు యోధుడే దెబ్బతిన్నాడు. బల్ల మీద పాచికలు వేసి ఆడే ఆటలోని బొమ్మ. బొటనవేలంత ఉంటాడు. గుండ్రటి నల్లటి పీట మీద గుర్రం ఒంటికాలితో నిలబడేది. ఆ కాలు గిట్ట పైన పుటుక్కుమంది. గిట్ట పీట మీదే ఉండిపోయింది.

"దీనికీ అదే జిగురు పెట్టు పిన్నీ."

కుదరదు. చింతపిక్క జిగురు కర్రలోకి ఇంకి పట్టుకుంటుంది. ప్లాస్టిక్‌లోకి ఏదీ ఇంకదు, ఆరగానే పెచ్చులా ఊడిపోతుంది. ఫెవీక్విక్ కావాలి. అదొక్కటే పెట్టినా నిలవదు. అతుకు గట్టిగానే ఉంటుంది గానీ పెళుసు. మళ్లీ పడిందంటే అక్కడే విరుగుతుంది. లోపల ఎముకలా తీగ వెయ్యాలి.

పేపరు క్లిప్పు నిటారుగా సాగదీసి వేలి గోరంత ముక్క కత్తిరించండి. వేళ్లతో తిప్పే సన్నటి బరమా తీసుకోండి. ట్యూబులైటు కిందకి జరగండి.

కాలు మందం మూడు మిల్లీమీటర్లుంటుందేమో. సరిగ్గా నడిమధ్యన సూదితో చిన్న గంటు పెట్టండి. అది లేకపోతే బరమా జారుతుంది. ఇప్పుడు తిప్పండి. మెల్లిగా. తెల్లటి సన్న తీగల్లా ప్లాస్టిక్ బయటికొస్తోంది. ఆపి ఊదండి. మళ్లీ తిప్పండి.

బరమా వాలుతోంది.

చూశారా? కాలు ఒక పక్క తెల్లబడింది. గోడ పల్చబడుతోంది. ఇంకొక్క చుట్టు తిప్పితే బయటికొస్తుంది. ఆపండి. ఊపిరి బిగపట్టండి. నిటారుగా చెయ్యండి. అర చుట్టు. ఇంకో అర. చాలు. తియ్యండి.

రంధ్రం పడింది. కాలు నిలిచింది.

గిట్టలోనూ అలాగే. తీగ దూర్చి చూడండి. కుదిరింది. ఫెవీక్విక్ మూత తియ్యండి. నేరుగా పిండొద్దు, ప్లాస్టిక్ మూతలో ఒక చుక్క వేసి సూదిమొనతో తీసుకోండి. తీగకి పూయండి. దూర్చండి. నొక్కండి. కదలొద్దు. గాలిలోని తేమ తగిలితే గట్టిపడే జిగురు ఇది. కృష్ణ ఒడ్డున, వానాకాలం చివర, తేమకి కొదవలేదు. ఒకటి. రెండు. మూడు.

వేలు అంటుకుంది.

బొటనవేలు గుర్రం పొట్టకి అతుక్కుపోయింది. లాగకండి. లాగితే చర్మమో కాలో ఊడుతుంది. పిల్లాడు పరుగెత్తి గోళ్లరంగు తుడిచే సీసా తెచ్చాడు. మూత కూడా తీసేశాడు. వద్దు! అందులో అసిటోన్ ఉంటుంది. జిగురుని కరిగిస్తుంది, నిజమే. గుర్రాన్నీ కరిగిస్తుంది. మొహం గీతలు, జీను, కత్తి అన్నీ మైనంలా అయిపోతాయి.

"గోరువెచ్చటి నీళ్లు. సబ్బు. పరుగెత్తు."

గిన్నెలో వేలు ముంచండి. గుర్రం పొట్ట వరకే, అతుకు తడవకుండా. ఆగండి. వేలిని లాగకుండా పక్కకి దొర్లించండి. చర్మం కొద్దికొద్దిగా వదులుతోంది. ఇంకొంచెం.

వచ్చేసింది.

పిల్లాడు గట్టిగా ఊపిరి వదిలాడు. మీరూ వదిలారు.

గుర్రాన్ని డబ్బాలో పెట్టి మూత వెయ్యొద్దు. జిగురు ఆవిరి పోయే దారి లేకపోతే బొమ్మ మీద తెల్లటి బూజులా పేరుకుంటుంది. గాలికి వదిలెయ్యండి. పీటని తిరగేసి, అడుగున గుంటలో రూపాయి బిళ్ల అతికించండి. ఒంటికాలి గుర్రానికి బరువు కిందే ఉండాలి. వేలితో తట్టి చూడండి. ఊగింది, పడలేదు.

ఇక ఆ పలక. మేకు కొడితే మెలిపడ్డ చెక్క చీలుతుంది. లేచిన మూల కింద పెళ్లి శుభలేఖ మడిచి దూర్చండి. మొదటి మడత చాల్లేదు. రెండో మడతకి కదలడం మానేసింది. పైన పట్టుచీర పరిస్తే ఎవరికీ కనిపించదు.

పదకొండున్నర. ఎడమ చెవి మిగిలింది. మక్కు గట్టిపడుతోంది, వేడినీళ్లు రెండు చుక్కలు కలపండి. చెవి పెట్టండి. నొక్కండి. అతుకు చుట్టూ గోధుమరంగు గీత కనిపిస్తోంది. రంగు వెయ్యాలంటే ముందు మక్కు పూర్తిగా ఆరాలి, ఆ తర్వాత సుద్ద పూయాలి. అది ఈ రాత్రికి జరిగే పని కాదు. ఆ గీత ఉండనివ్వండి. వచ్చే ఏడాది కొండపల్లి బొమ్మల కాలనీకి తీసుకెళ్తే, తరతరాలుగా ఈ పని చేస్తున్నవాళ్లు ఒక్క చూపులో ఏం వాడారో కనిపెడతారు. నానబెట్టి, విప్పి, మళ్లీ అతకగలరు. ఇక్కడ ఫెవీక్విక్ వాడి ఉంటే వాళ్ల చేతులకీ లొంగదు.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఏనుగుని అంబారీ పట్టుకుని ఎత్తబోయి, ఆగి, పొట్ట కింద అరచెయ్యి పెట్టి ఎత్తింది. తొండం వేలితో ముట్టుకుంది.

"పొద్దుటికి ఆరుతుందా?"

ఆరదు. బయట వాన మొదలైంది. ఈ తేమలో రేపు సాయంత్రం అవుతుంది. ఇప్పుడే పై మెట్టెక్కిస్తే దాని బరువుకే చెవి జారుతుంది.

"పేరంటాళ్లు వచ్చేది సాయంత్రమే కదా," అంటుంది అమ్మ. లేచి పై మెట్టు మధ్యలో ఏనుగు పట్టేంత చోటు వదిలి, రాముణ్ణి ఎడమకీ, సీతమ్మని కుడికీ జరిపింది. పిల్లాడు తన గుర్రాన్ని తెచ్చి ఆ ఖాళీకి ఒక మెట్టు కింద నిలబెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. మళ్లీ వెళ్లి మొహం ఏనుగు చోటు వైపు తిప్పాడు.

మీరు ఏనుగుని స్టూలు మీదకి చేర్చండి. ఫ్యాను ఐదులో ఉంది. గాలి ఎక్కువైతే మక్కు పైపైన ఎండి పగుళ్లు వస్తాయి. రెండుకి తగ్గించండి.