కె.ఎన్. రాజ్: ఆర్థికవేత్త, అధ్యాపకుడు

కక్కడన్ నందనాథ్ రాజ్ (1924 మే 13 – 2010 ఫిబ్రవరి 10) స్వతంత్ర భారతదేశపు తొలి తరం ఆర్థికవేత్తల్లో అగ్రగణ్యులు. తొలి పంచవర్ష ప్రణాళిక రచనలో పాలుపంచుకున్నారు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో దాదాపు రెండు దశాబ్దాలు పాఠాలు చెప్పారు. తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ (సి.డి.ఎస్.)ను నెలకొల్పారు. జవహర్‌లాల్ నెహ్రూ మొదలు పి.వి. నరసింహారావు వరకు పలువురు ప్రధానులకు సలహాలిచ్చారు. ఏ అంకెనైనా అది ఎలా వచ్చిందో తేల్చుకున్నాకే వాడాలన్న పట్టుదల ఆయన పరిశోధన పొడవునా కనిపిస్తుంది.

తొలి జీవితం, చదువు

రాజ్ కేరళలో పుట్టారు. మద్రాసు శివార్లలోని తాంబరంలో ఉన్న మద్రాస్ క్రిస్టియన్ కళాశాలలో అర్థశాస్త్రం చదివారు. అక్కడ ఆయనకు పాఠం చెప్పిన మాల్కం ఆదిశేషయ్య తర్వాత యునెస్కోలో ఉన్నత పదవిలో పనిచేసి, 1971లో మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ను స్థాపించారు. సి.డి.ఎస్. పని మొదలైంది కూడా ఆ ఏడాదే.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో రిజర్వు బ్యాంకు ద్రవ్య విధానంపై పరిశోధన చేసి 1947లో డాక్టరేట్ పొందారు. మరుసటి ఏడాది ఆ సిద్ధాంతవ్యాసం పుస్తకంగా వెలువడింది. తర్వాత కొన్నాళ్లు కొలంబోలో పత్రికా రచన చేసి, ఆపై రిజర్వు బ్యాంకులో పనిచేశారు.

ప్రణాళికా సంఘం

1950 మార్చిలో ప్రణాళికా సంఘం ఏర్పడింది. అదే ఏడాది, 26 ఏళ్ల వయసులో, రాజ్ అందులో చేరారు. 1951–56 ప్రణాళిక పత్రంలోని తొలి అధ్యాయం రాసింది ఆయనే. పెట్టుబడి జాతీయాదాయంలో ఎంత వాటాకు పెరగాలి, అలా పెరిగితే జనం బతుకులు ఎన్నాళ్లకు మారతాయి అన్నది అక్కడి ప్రధాన ప్రశ్న. తలసరి ఆదాయం రెట్టింపు కావడానికి సుమారు 27 ఏళ్లు పడుతుందని ఆ పత్రం అంచనా వేసింది. రాత్రికి రాత్రే దేశాన్ని మార్చేస్తామన్న వాగ్దానం అందులో లేదు. పేద దేశం ప్రజాస్వామ్యాన్ని నిలుపుకుంటూ ఎదగాలంటే తొలి దశాబ్దాల్లో వేగాన్ని అదుపులో ఉంచుకోవాలన్నది రాజ్ అభిప్రాయం.

ఢిల్లీ సంవత్సరాలు

వి.కె.ఆర్.వి. రావు 1949లో స్థాపించిన ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో రాజ్ 1953లో ఆచార్యులుగా చేరారు. 1960లలో ఆ సంస్థకు గొప్ప పేరు వచ్చింది. జగదీశ్ భగవతి, సుఖమయ్ చక్రవర్తి, అమర్త్య సేన్, ఆ దశాబ్దం చివర్లో మన్మోహన్ సింగ్ అక్కడ పాఠాలు చెప్పారు. అంతటి ప్రతిభావంతులు ఒకే చోట చేరడం వెనుక రాజ్ చొరవ చాలా ఉంది. సచిన్ చౌధురి సంపాదకత్వంలో 1966లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ మొదలైనప్పుడు రాజ్ అండగా నిలిచారు. తన ముఖ్యమైన వ్యాసాలు కొన్నింటిని ఆ పత్రికకే ఇచ్చారు.

ఈ కాలపు పరిశోధనల్లో రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1960లో వెలువడిన భాక్రా నంగల్ ప్రాజెక్టు అధ్యయనం మొదటిది. మన దేశంలో ఒక భారీ ప్రాజెక్టు మీద పెట్టిన పెట్టుబడిని అర్థశాస్త్ర ప్రమాణాలతో పరీక్షించిన తొలి రచనల్లో అదొకటి.

రెండోది పశుసంపదకు సంబంధించినది. భారతదేశంలో పనికిరాని పశువులు ఎక్కువని, మత విశ్వాసమే దానికి కారణమని అప్పట్లో గట్టిగా వాదించేవారు. రాజ్ 1969, 1971 వ్యాసాల్లో పశుగణన లెక్కలను ప్రాంతాలవారీగా విడదీసి చూశారు. ఆవులకూ ఎడ్లకూ మధ్య నిష్పత్తి అన్ని చోట్లా ఒకేలా లేదు. దుక్కికి, బండికి ఎడ్లు ఎంత అవసరం, పాలకు గిరాకీ ఎంత, మేత ఎంత దొరుకుతుంది అన్నదాన్ని బట్టి అది మారుతూ వచ్చింది. గోవును పూజించే రైతే తన కొట్టంలో ఏ పశువును బాగా మేపాలో, దేన్ని అంతగా పట్టించుకోనక్కర్లేదో లెక్క చూసుకుంటున్నాడని రాజ్ చూపించారు. రైతును మూఢుడిగా చూసే ధోరణికి ఇది సూటి జవాబు.

1969లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. ఏడాదికి పైగా పనిచేసి 1970లో వైదొలిగారు. తర్వాత సొంత రాష్ట్రానికి మరలారు.

సి.డి.ఎస్. స్థాపన

రాజ్ జీవితంలో ఇది అత్యంత ఫలవంతమైన దశ. అప్పటి కేరళ ముఖ్యమంత్రి సి. అచ్యుత మేనోన్ ప్రోత్సాహంతో తిరువనంతపురం ఉళ్ళూరులోని ఒక కొండవాలు మీద సంస్థ రూపుదిద్దుకుంది. భవనాల పనిని రాజ్ వాస్తుశిల్పి లారీ బేకర్‌కు అప్పగించారు. స్థానిక ఇటుకలు, పూత లేని గోడలు, గాలీ వెలుతురూ వచ్చేలా సందులు వదిలి పేర్చిన ఇటుక జాలీలు, చెట్లను కాపాడుతూ వంపు తిరిగే గోడలు, అన్నింటికీ పైన కనిపించే గ్రంథాలయ గోపురం: బేకర్ శైలికి ఆ ప్రాంగణం నేటికీ చక్కటి ఉదాహరణ. తక్కువ ఖర్చుతో, దగ్గర్లో దొరికే సామగ్రితో, స్థానిక మేస్త్రీలకు పని దొరికేలా కట్టడం రాజ్ దృష్టిలో అభివృద్ధి పాఠంలో భాగమే. ఈ ఆలోచనను జనం ఇళ్లదాకా తీసుకెళ్లేందుకు 1985లో అచ్యుత మేనోన్, బేకర్, రాజ్ తదితరులు త్రిసూర్‌లో కాస్ట్‌ఫోర్డ్ అనే సంస్థను స్థాపించారు.

ఐ.ఎస్. గులాటీ, టి.ఎన్. కృష్ణన్, పి.జి.కె. పణిక్కర్, ఎన్. కృష్ణాజీ వంటివారు సి.డి.ఎస్.లో రాజ్ సహచరులు. కృష్ణాజీ తర్వాత హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్‌లో పనిచేసి, వ్యవసాయ సంబంధాల మీద విలువైన పరిశోధన చేశారు. 1975లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం గుర్తింపుతో ఎం.ఫిల్. కోర్సు మొదలైంది.

అదే ఏడాది ఐక్యరాజ్యసమితి ప్రచురించిన కేరళ నివేదిక సంస్థకు అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చింది. పేదరికం, నిరుద్యోగం, అభివృద్ధి విధానం దాని విషయాలు. అప్పట్లో కేరళ తలసరి ఆదాయం దేశ సగటు కంటే తక్కువగా ఉండేది. జాతీయ నమూనా సర్వే ప్రకారం కేరళీయులు తినే కేలరీలు కూడా చాలా తక్కువ. అయినా అక్కడ శిశు మరణాలు తక్కువ, ఆయుర్దాయం ఎక్కువ, ఆడపిల్లల చదువు మెరుగు. ఈ రెండూ ఎలా పొసగుతాయి? రాజ్ బృందం ముందు సర్వే లెక్కనే శోధించింది. పేదల కడుపు నింపుతున్న కర్రపెండలం అందులో తగినంతగా నమోదు కాలేదని తేల్చింది. ఆ మీదట భూసంస్కరణలు, రేషన్ దుకాణాలు, బడులు, ఆసుపత్రులు, కూలీల సంఘటిత బలం ఏమేరకు పనిచేశాయో విశ్లేషించింది. తర్వాతి కాలంలో ‘కేరళ నమూనా’గా ప్రపంచమంతా చర్చించిన అంశానికి ఈ నివేదికే ఆధారం.

రాజ్ కమిటీ

సాగు ఆదాయంపై పన్ను విషయాన్ని పరిశీలించేందుకు కేంద్రం 1972లో రాజ్ అధ్యక్షతన కమిటీ వేసింది. శిస్తు చిన్న రైతుకూ పెద్ద రైతుకూ ఎకరానికి ఒకే తీరున పడుతోందని, పెద్ద కమతాల ఆదాయం పన్ను పరిధిలోకి రావడం లేదని కమిటీ గమనించింది. అదే ఏడాది ఇచ్చిన నివేదికలో వ్యవసాయ కమతాల పన్నును ప్రతిపాదించింది. ఆ ప్రాంతపు నేల, పంట, సాగు ఖర్చులను బట్టి కమతానికి విలువ కట్టాలి. మినహాయింపులు పోగా మిగిలిన విలువ ఎన్ని వేల రూపాయలో, అందులో సగం శాతం పన్ను రేటు. మిగిలిన విలువ పదివేలైతే రేటు 5 శాతం, పన్ను 500 రూపాయలు. ఇరవై వేలైతే రేటు 10 శాతం, పన్ను 2,000. రాజ్యాంగం ప్రకారం వ్యవసాయాదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలది. అవి ఈ సిఫారసును పక్కన పెట్టాయి.

కమిటీ చెప్పిన మరో మాట మాత్రం చట్టమైంది. వ్యవసాయాదాయంపై నేరుగా పన్ను వేయకపోయినా, ఇతర ఆదాయం మీద రేటు తేల్చేటప్పుడు దాన్ని కలిపి చూసే పద్ధతి 1973 ఆర్థిక చట్టంతో అమల్లోకి వచ్చింది.

ఇతర రచనలు, తుది దశ

పోలండ్ ఆర్థికవేత్త మిహావ్ కలెట్స్కీ ప్రతిపాదించిన ‘మధ్యస్థ పాలనల’ (కింది మధ్యతరగతి, ధనిక రైతులు కీలకంగా ఉండే ప్రభుత్వాల) భావనను భారతదేశానికి అన్వయిస్తూ రాజ్ 1973లో రాసిన వ్యాసం పెద్ద చర్చ రేపింది. దానికి కమ్యూనిస్టు నేత ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జవాబు రాశారు. కేరళ భూసంస్కరణలపై మైకేల్ తరకన్‌తో కలిసి చేసిన అధ్యయనం 1983లో వెలువడింది. 2000లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో సత్కరించింది. 2010 ఫిబ్రవరి 10న, 85 ఏళ్ల వయసులో, తిరువనంతపురంలో కన్నుమూశారు.

రాజ్ కృషి ఎక్కువగా వ్యాసాల్లో, నివేదికల్లో, తీర్చిదిద్దిన విద్యార్థుల్లో, కట్టిన సంస్థలో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో అర్థశాస్త్రం చదివే విద్యార్థులు ఆయన్ను చదవదలిస్తే 1975 కేరళ నివేదికతో మొదలుపెట్టడం మంచిది. ఒక రాష్ట్రాన్ని దాని అంకెల ద్వారా ఎలా అర్థం చేసుకోవాలో అందులో వివరంగా ఉంది.